గుండె వార్డులో అడగని ప్రశ్న

2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని 39 ఆసుపత్రుల గుండె ఐసీయూలు రెండు వారాలపాటు ఒక పని చేశాయి. ఏ కారణంతో చేరినా సరే, వచ్చిన ప్రతి రోగి మూత్రాన్నీ మత్తుమందుల కోసం పరీక్షించాయి. మొత్తం 1499 మంది. వాళ్లలో 161 మందికి, అంటే నూటికి 11 మందికి, గంజాయో, కొకైనో, నల్లమందు జాతి మందో, ఆంఫిటమినో బయటపడింది. ఆ 161 మందిని నోటితో అడిగితే వాడుతున్నామని ఒప్పుకున్నది 57 శాతం మంది మాత్రమే. మూడో అంకె మరీ కలవరపెట్టేది. ఆసుపత్రిలో ఉండగానే చనిపోవడం, గుండె ఆగిపోవడం, షాక్‌లోకి వెళ్లడం వంటి ప్రమాదాలు మిగతావాళ్లలో నూటికి ముగ్గురికి వస్తే, మత్తుమందు బయటపడినవాళ్లలో సుమారు 13 మందికి వచ్చాయి. వయసు, పాత జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా చెరిగిపోలేదు.

మన గుండె వార్డుల్లో కేస్ షీటు రాసేటప్పుడు వేసే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. షుగరుందా, బీపీ ఉందా, సిగరెట్ అలవాటుందా, మందు తాగుతారా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా. ఆ తర్వాత రావాల్సిన ప్రశ్న చాలాచోట్ల నోటిదాకా రాదు. పక్కన తల్లో భార్యో నిలబడి ఉంటారు కాబట్టి అడగడానికి డాక్టరుకు మొహమాటం. చెబితే పోలీసుల దాకా పోతుందేమోనని రోగికి భయం. పాతికేళ్ల కుర్రాడు ఛాతీ పట్టుకుని వస్తే గ్యాస్ నొప్పి అనో, టెన్షన్ అనో పంపేయడం ఒక తప్పు. గుండెపోటేనని తేలాక ఎందుకొచ్చిందో అడగకపోవడం రెండో తప్పు.

మత్తుమందుల వల్ల గుండె పాడవుతుందన్న మాట నిజమే. కానీ అంతటితో ఆగితే ఏ రోగికీ వైద్యం జరగదు. ఒక పదార్థం రక్తనాళాలను బిగిస్తుంది, మరొకటి లయ తప్పిస్తుంది, ఇంకొకటి కండరాన్ని నీరసింపజేస్తుంది, వేరొకటి సూది వెంట క్రిములను కవాటాల మీదికి చేరుస్తుంది. ఒకదానికి విరుగుడైన మందు ఇంకోదానికి ముప్పు కావచ్చు. అందుకే "డ్రగ్స్ తీసుకున్నాడా" అన్నది సగం ప్రశ్నే. ఏది, ఎప్పుడు, ఎలా తీసుకున్నాడన్నది మిగతా సగం.

మన దేశంలో ఈ సమస్య ఎంతుందో చెప్పే పెద్ద సర్వే ఒకటి 2019 ఫిబ్రవరిలో వెలువడింది. ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మత్తు చికిత్సా కేంద్రం చేసింది. దాని ప్రకారం ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్ వంటివి వాడినవాళ్లు 3.1 కోట్లు, నల్లమందు జాతి మందులు వాడినవాళ్లు 2.26 కోట్లు, సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు సుమారు 8.5 లక్షలు. వీళ్లలో ఎందరి గుండెను ఏ డాక్టరైనా పరీక్షించి ఉంటాడన్నది నన్ను బాధించే ప్రశ్న.

కొకైన్ చెప్పిన పాఠం

ఈ రంగంలో వైద్యశాస్త్రానికి అన్నిటికన్నా బాగా తెలిసింది కొకైన్. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు దాన్ని కంటి ఆపరేషన్లకు స్పర్శ పోగొట్టే మందుగా వాడి చూపించాడు. నరాల్లో సోడియం దారులను మూసి నొప్పి తెలియకుండా చేసే గుణం అది. గుండెలోనూ ఆ గుణం పనిచేస్తుంది. విద్యుత్ సంకేతం నెమ్మదించి లయ చెదురుతుంది. దానికి తోడు నరాల చివర్లలో విడుదలైన నోరాడ్రినలిన్‌ను వెనక్కి పోనివ్వదు. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి, గుండెకు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే గుండెకు రక్తం తెచ్చే కరోనరీ ధమనులు బిగుసుకుంటాయి, ప్లేట్‌లెట్లు అతుక్కుని రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఇంట్లో ఖర్చు రెట్టింపైన రోజే రాబడి పడిపోయినట్టు ఉంటుంది గుండె పరిస్థితి.

ఇదేదో ఊహ కాదు. 1989లో అమెరికాలోని డల్లాస్‌లో రిచర్డ్ లాంగ్ బృందం, యాంజియోగ్రామ్ కోసం వచ్చిన రోగుల ముక్కులోకి స్పర్శ పోగొట్టడానికి డాక్టర్లు వాడేపాటి మోతాదులో కొకైన్ వేసి, ధమనులు ఎంత సన్నబడ్డాయో ఎక్స్‌రే చిత్రాల్లో కొలిచి చూపింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి తేల్చింది. కొకైన్ లోపల ఉండగా ప్రొప్రనొలాల్ ఇస్తే ఆ బిగుతు ఇంకా పెరుగుతుంది. గుండెపోటు రోగికి అలవాటుగా ఇచ్చే బీటా బ్లాకర్ల జాతి మందు అది. 1999లో బోస్టన్‌కు చెందిన మర్రే మిటిల్‌మన్ బృందం, గుండెపోటు వచ్చినవాళ్లను వెంటనే కలిసి ముందు గంటల్లో ఏం చేశారో అడిగి లెక్కగట్టింది. కొకైన్ తీసుకున్న తొలి గంటలో గుండెపోటు ముప్పు 24 రెట్లు. గంట గడిచేకొద్దీ అది తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి వాడితే ధమనుల్లో కొవ్వు పేరుకోవడం కూడా ముందుగానే మొదలవుతుంది. మద్యంతో కలిపి తీసుకుంటే కాలేయంలో కోకాఇథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది. అది కొకైన్‌కన్నా ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుంది. పార్టీల్లో రెండూ కలిపే తీసుకుంటారు కాబట్టి ఈ సంగతి పిల్లలకు కచ్చితంగా తెలియాలి.

ఎంత తీసుకుంటే ప్రమాదం అన్న హద్దు ఇక్కడ లేదు. ఎప్పుడో ఒకసారి తీసుకునేవాళ్లకూ, మొదటిసారి తీసుకున్నవాళ్లకూ, ధమనులు శుభ్రంగా ఉన్నవాళ్లకూ గుండెపోటు వచ్చిన ఉదాహరణలు వైద్య గ్రంథాల నిండా ఉన్నాయి.

లెన్ బయాస్ కథ అమెరికాలో అందరికీ తెలుసు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాడు, వయసు 22. 1986 జూన్ 17న బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంపిక చేసుకుంది. జూన్ 19న కొకైన్ వల్ల గుండె లయ తప్పి చనిపోయాడు. దేశమంతా కదిలిపోయింది. ఆ కదలిక ఎటు పోయిందన్నదే అసలు విషయం. కొన్ని నెలల్లోనే కఠినమైన నిర్బంధ జైలుశిక్షలతో మత్తుమందుల వ్యతిరేక చట్టం వచ్చింది. ఒక గుండె మరణానికి సమాజం వెతుక్కున్న జవాబు జైలు. మన మత్తుపదార్థాల చట్టం, ఎన్డీపీఎస్, అంతకు ఒక ఏడాది ముందు 1985లోనే వచ్చింది. అమ్మేవాళ్లను పట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ వాడేవాడు డాక్టరు ముందు నోరు విప్పలేని పరిస్థితికి ఆ భయం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి.

మెతాంఫిటమిన్, గంజాయి

మెతాంఫిటమిన్ కథ కొంత వేరు. జపాన్ శాస్త్రవేత్త నగాయి నగాయోషి 1893లో ఎఫిడ్రిన్ నుంచి దీన్ని తయారుచేశాడు. ఇప్పుడు ఐస్, క్రిస్టల్ మెత్ అనే పేర్లతో తిరుగుతోంది. కొకైన్ గంటల్లో కొట్టే దెబ్బ కొడితే, ఇది నెలలూ ఏళ్లూ పట్టి గుండె కండరాన్నే తినేస్తుంది. గుండె సాగి, పెద్దదై, పంప్ చేసే శక్తి పడిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్లవాపులు. ముప్పై ఏళ్లవాడికి డెబ్బై ఏళ్లవాడి లక్షణాలు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2008 నుంచి 2018 మధ్య మిగతా గుండె వైఫల్యం కేసులు కాస్త తగ్గుతుండగా, మెతాంఫిటమిన్‌తో ముడిపడినవి ఆరు రెట్లకు పైగా పెరిగాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బుకు ఇది నిశ్చయమైన కారణమని 2018 నాటి ప్రపంచ సదస్సు నిపుణులు తేల్చారు.

ఇందులోనే ఒక మంచి కబురూ ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యులు ఇలాంటి 30 మంది రోగులను వెంబడించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మందులు వాడుతూ మెతాంఫిటమిన్ పూర్తిగా మానేసినవాళ్లలో గుండె పంపింగ్ శక్తి గణనీయంగా కోలుకుంది. మానకుండా మందులు మాత్రమే వాడినవాళ్లలో కోలుకోలేదు. కండరంలో మచ్చ కట్టడం ఎంత ముదిరిందన్నదాన్ని బట్టి కోలుకునే అవకాశం ఉంటుంది. అంటే తొందరగా కనిపెడితే గుండె తిరిగి వస్తుంది. ఈ రంగంలో నాకు ఇంతకన్నా ఆశ కలిగించిన పరిశోధన లేదు.

గంజాయి దగ్గరికి వస్తే మాట ఆచితూచి చెప్పాలి. ఎందుకంటే ఇది మన ఇంటి వ్యవహారం. విశాఖ మన్యంలో, ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకం దేశమంతా పోతుంది. ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికేసిన ప్రాంతం అది. "అది ఆకే కదా, సాధువులూ తాగుతారు, ఏమీ కాదు" అనే మాట కాలేజీ హాస్టళ్లలో గట్టిగా వినిపిస్తుంది. గంజాయి తాగిన కొద్ది నిమిషాల్లోనే గుండె వేగం పెరుగుతుంది, నిలబడగానే బీపీ పడి కళ్లు తిరగొచ్చు. మిటిల్‌మన్ బృందమే 2001లో ప్రకటించిన లెక్క ప్రకారం తాగిన తొలి గంటలో గుండెపోటు ముప్పు 4.8 రెట్లు. కొకైన్‌తో పోలిస్తే చిన్నదే, పైగా ఆ లెక్క కొద్దిమంది రోగుల మీద ఆధారపడింది. 2024లో అమెరికాలో నాలుగు లక్షల మందికి పైగా పెద్దవాళ్ల సర్వేను విశ్లేషిస్తే, రోజూ గంజాయి వాడేవాళ్లలో గుండెపోటు 25 శాతం, పక్షవాతం 42 శాతం ఎక్కువగా కనిపించాయి. సర్వేలో కనిపించిన సంబంధమంతా కారణమే అనలేం. అయినా పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి చిన్న ముప్పే అయినది, స్టెంట్ వేయించుకున్న నలభై ఐదేళ్ల మనిషికి చిన్నది కాదు. మన దగ్గర సిగరెట్ పొగాకు తీసి అందులో కలిపి తాగుతారు కాబట్టి పొగాకు హాని దానికి అదనం. సారం తీసి నూనెగా చేసిన హ్యాష్ ఆయిల్‌లో మత్తు పాళ్లు ఆకుకన్నా చాలా ఎక్కువ. పాత సాధువుల చిలుముతో దానికి పోలికే లేదు.

కల్లు కాంపౌండ్, వైట్‌నర్ సీసా

మత్తుమందులు అనగానే పబ్బులు, విదేశీ విద్యార్థులు, సినిమావాళ్ల ఫోటోలు పేపర్లలో వస్తాయి. తెలంగాణలో గుండెకు ముప్పు తెచ్చే మత్తు ఎక్కువమందికి అందేది మాత్రం కల్లు కాంపౌండ్‌లో. తాటి, ఈత చెట్ల నుంచి దిగే కల్లుకూ పట్నంలో అమ్ముడయ్యే కల్లుకూ పొంతన ఉండదు. ఆ తేడాను నీళ్లు, చక్కెర, శాక్రిన్‌తో పాటు డైజోఫాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి పొడులతో పూడుస్తారు. తాగేది కూలిపనివాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు. వీళ్లను "డ్రగ్స్ వాడతారా" అని అడిగితే లేదంటారు, అబద్ధం కూడా కాదు. తాము తాగేది కల్లేనని వాళ్ల నమ్మకం. ఇక్కడ డాక్టరు అడగాల్సిన ప్రశ్న వేరు: "రోజూ ఒకే కాంపౌండ్‌లో తాగుతావా? ఒక్కరోజు తాగకపోతే చేతులు వణుకుతాయా, నిద్ర పడుతుందా?"

వీటిలో గుండె విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1832లో దీన్ని తయారుచేశాడు. 1869 నుంచి నిద్రమందుగా వాడారు. ఒంట్లో ఇది ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతుంది. ఆ పదార్థం గుండె కండరాన్ని మన ఒంట్లో సహజంగా ఊరే ఆడ్రినలిన్‌కు విపరీతంగా బెదిరేలా చేస్తుంది. మోతాదు మించితే గుండె కింది గదులు ఇష్టం వచ్చినట్టు కొట్టుకోవడం మొదలై ప్రాణం పోతుంది. ఇలాంటి రోగికి బీపీ పడిపోయిందని ఆడ్రినలిన్ ఎక్కిస్తే లయ ఇంకా చెడుతుంది. ఇక్కడ పనిచేసేది ప్రొప్రనొలాల్, ఎస్మొలాల్ వంటి బీటా బ్లాకర్లే. కొకైన్ రోగి విషయంలో డాక్టర్లను భయపెట్టిన మందే కల్తీ కల్లు రోగికి ప్రాణదాత. ఏం తాగాడో తెలియకుండా చేసే వైద్యం ఎంత గుడ్డిదో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

డైజోఫాం, ఆల్ప్రజోలం గుండెను నేరుగా అంతగా కొట్టవు. ఎక్కువైతే ఊపిరి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు, కల్లులో ఆల్ప్రజోలం బయటపడింది. ఇవి అకస్మాత్తుగా మానేసినా ప్రమాదమే. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు పెంచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, హైదరాబాద్‌లో వందలమంది వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. ఆ సమయంలో గుండె వేగం, బీపీ బాగా పెరుగుతాయి. ముందే గుండెజబ్బు ఉన్న ముసలివాళ్లు దాన్ని తట్టుకోలేరు. కల్తీని ఆపే రోజునే మందు తగ్గిస్తూ మాన్పించే ఏర్పాటు కూడా ఊళ్లో సిద్ధంగా ఉండాలి. దుకాణం మూయించి చేతులు దులుపుకుంటే సరిపోదు.

క్లోరల్ హైడ్రేట్‌కు రసాయనంలో దగ్గర చుట్టాలు వైట్‌నర్, గ్రీజు కడిగే ద్రావకాల్లో వాడుతూ వచ్చిన ట్రైక్లోరోఈథేన్ వంటివి. స్టేషన్ల దగ్గరా, ఫ్లైఓవర్ల కిందా గుడ్డలో పోసి పీల్చే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. 2019 సర్వేలో పెద్దవాళ్లకన్నా పిల్లల్లో వాడకం ఎక్కువగా ఉన్నది ఈ పీల్చే పదార్థాల్లో ఒక్కదానిలోనే. వీటి నుంచి బయటపడటానికి సాయం కావాల్సిన పిల్లలు దేశంలో 4.6 లక్షల మందని ఆ సర్వే అంచనా. 1970లో అమెరికా వైద్యుడు మిలార్డ్ బాస్ ఇలా పీల్చి హఠాత్తుగా చనిపోయిన 110 మంది యువకుల వివరాలు సేకరించాడు. ఊపిరాడక పోయినవాళ్లు కాదు వీళ్లు. పీల్చిన వెంటనే పరుగెత్తడమో, బెదిరిపోవడమో జరిగి కుప్పకూలినవాళ్లు వీళ్లలో చాలామంది. ద్రావకం గుండెను ఆడ్రినలిన్‌కు బెదిరేలా చేసి ఉంచింది. భయం ఆ ఆడ్రినలిన్‌ను విడుదల చేసింది.

దీని నుంచి వచ్చే సలహా చాలా చిన్నది, ప్రాణాలు నిలిపేది. పీలుస్తున్న పిల్లవాడు కనిపిస్తే అరవకండి, తరమకండి, కొట్టకండి. మెల్లగా దగ్గరికి వెళ్లి కూర్చోబెట్టండి, గాలి తగిలేలా చూడండి, గుడ్డ చేతిలోంచి తీసుకోండి. టీచర్లకూ, రైల్వే పోలీసులకూ, ట్రాఫిక్ కానిస్టేబుళ్లకూ శిక్షణలో చెప్పాల్సిన మొదటి మాట ఇది. రంగుల థిన్నర్లలో ఉండే టోలుయిన్ వేరే దారిలో పనిచేస్తుంది. రక్తంలో పొటాషియం పడిపోయేలా చేసి కాళ్లూ చేతులూ చచ్చుబడటం, గుండె లయ తప్పడం తెస్తుంది.

జిమ్‌లో సూది

ఒళ్లు పెంచుకోవడానికి తీసుకునేదాన్ని మత్తుమందు అని జిమ్ కుర్రాళ్లు ఒప్పుకోరు. అయినా ఈ సమీక్షలో దానికి చోటుంది. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే బీపీని లేపడానికి ఆపరేషన్ థియేటర్లో వాడే మెఫెంటర్‌మిన్ ఇంజెక్షన్‌ను, అలుపు తెలియకుండా బరువులు ఎత్తడానికి జిమ్‌లలో పొడుచుకుంటున్నారు. హైదరాబాద్ పోలీసులు వీటిని అమ్మేవాళ్లను మళ్లీ మళ్లీ పట్టుకున్నారు. ఇది ఆంఫిటమిన్లకు చుట్టమే. బీపీ ఎక్కుతుంది, గుండెదడ పుడుతుంది, కొన్నాళ్లకు సూది లేకపోతే జిమ్‌కు పోలేని స్థితి వస్తుంది. అనుమానాలు, భ్రమలు మొదలవుతాయి. గుండె కండరం దెబ్బతిన్న కేసులను మన దేశపు వైద్యులు వైద్య పత్రికల్లో నమోదు చేశారు. మత్తు డాక్టరు పక్కన నిలబడి, మానిటర్ చూస్తూ, చుక్క చుక్కగా ఇచ్చే మందును అద్దం ముందు నిలబడి సొంతంగా పొడుచుకోవడం ఎంత సాహసమో ఆ కుర్రాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. ఆ మాట జిమ్ కోచ్ నోటి నుంచి వస్తేనే వాళ్లు వింటారు.

స్టెరాయిడ్ల విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. 2017లో బోస్టన్‌కు చెందిన ఆరన్ బాగిష్ బృందం 140 మంది బరువులెత్తే మగవాళ్లను పరీక్షించింది. గుండె ఒక్కో కొట్టుడుకు తనలోని రక్తంలో ఎంత శాతం నెడుతుందో చెప్పే ఈఎఫ్ అంకె స్టెరాయిడ్లు వాడనివాళ్లలో సగటున 63 ఉంటే, వాడినవాళ్లలో 52. డెన్మార్క్‌లో జిమ్‌లలోనే డోపింగ్ పరీక్షలు చేసే పద్ధతి ఉంది. అక్కడ పట్టుబడిన 1189 మంది మగవాళ్లను సుమారు 11 ఏళ్లు గమనించి 2025లో ప్రకటించిన లెక్కలో, అదే వయసు సాధారణ మగవాళ్లతో పోలిస్తే వాళ్లకు గుండెపోటు మూడు రెట్లు, గుండె కండర జబ్బు దాదాపు తొమ్మిది రెట్లు. బయటికి కనిపించే కండలు పెరుగుతుంటే లోపలి కండరం గట్టిపడి, మందమై, పనికిరాకుండా పోతుంది. జిమ్‌లో కుప్పకూలిన యువకుడి వార్త వచ్చిన ప్రతిసారీ టీకాల మీదా తిండి మీదా చర్చలు నడుస్తాయి. అతని బ్యాగులో ఏముందని అడిగినవాళ్లను నేను అరుదుగా చూశాను.

సూది వెంట వచ్చే జ్వరం

హెరాయిన్, ఫోర్ట్‌విన్, బుప్రెనార్ఫిన్, ఏ మందైనా సరే, సూదితో ఎక్కించుకునేవాళ్లకు మందుకన్నా సూదితోనే గుండెకు ఎక్కువ ప్రమాదం. శుభ్రం లేని చర్మం మీది స్టాఫిలోకాకస్ అనే క్రిమి సిరలోకి దిగి, రక్తంతో పాటు గుండె కుడివైపుకు చేరి, అక్కడి ట్రైకస్పిడ్ కవాటం మీద గూడు కడుతుంది. ఆ గూటి ముక్కలు విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోగికి వారాల తరబడి జ్వరం, దగ్గు, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో మచ్చలు. మన దేశంలో ఈ లక్షణాలు చూడగానే డాక్టరుకు వచ్చే మొదటి ఆలోచన టీబీ. టీబీ మందులు మొదలవుతాయి, కవాటం కరిగిపోతూ ఉంటుంది. మోచేతి మడతలో సూది మచ్చలు చూసి ఒక్క బ్లడ్ కల్చర్, ఒక్క ఎకో చేయిస్తే జబ్బు దొరుకుతుంది. మాత్రలు నూరి నీళ్లలో కలిపి ఎక్కించుకుంటే వాటిలోని టాల్క్ పొడి ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఇరుక్కుని అక్కడి ఒత్తిడిని పెంచుతుంది, దాంతో గుండె కుడిభాగం అలిసిపోతుంది.

ఈ ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం తేలిక కాదు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు సిర ద్వారా యాంటిబయాటిక్స్ ఎక్కించాలి. మత్తు దొరకని బాధతో రోగి మధ్యలోనే వెళ్లిపోతాడు. అతన్ని మొండివాడని, బుద్ధిలేనివాడని తిట్టడం సులువు. నిజానికి ఆ బాధను తగ్గించే బుప్రెనార్ఫిన్ చికిత్సను అదే వార్డులో, అదే రోజు మొదలుపెడితే చాలామంది నిలబడతారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది కూడా ఇదే: ఈ రోగులను గుండె డాక్టరు, ఇన్‌ఫెక్షన్ల డాక్టరు, మత్తు మాన్పించే డాక్టరు కలిసి చూడాలి. కవాటం మార్చాక మళ్లీ సూది పట్టాడని రెండోసారి ఆపరేషన్‌కు నిరాకరించే సర్జన్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ మొదటి ఆపరేషన్ తర్వాత మత్తు చికిత్సకు పంపకుండా డిశ్చార్జి చేసినవాళ్లకు రెండోసారి తలుపు మూసే హక్కు లేదని నా అభిప్రాయం.

నల్లమందు జాతి మందులు ఎక్కువైతే చంపేది ముందు ఊపిరి ఆపి. అందులో గుండెను నేరుగా కొట్టినది డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్. స్పాస్మోప్రాక్సివాన్ పేరుతో మన మెడికల్ షాపుల్లో నొప్పి మాత్రగా దొరికేది. మిజోరం, నాగాలాండ్‌లలో యువకులు గొట్టాలు విప్పి సూదితో ఎక్కించుకున్నారు. ఇది కొకైన్‌లాగే గుండెలో సోడియం దారులను మూస్తుంది. అమెరికా 2010 నవంబర్‌లో దీన్ని మార్కెట్ నుంచి తీసేసింది, మన దేశం 2013లో నిషేధించింది. హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే మెథడోన్ ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని సాగదీస్తుంది, ఒక హద్దు దాటితే లయ తప్పుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయాలి. బుప్రెనార్ఫిన్‌తో ఆ ముప్పు తక్కువ. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలను మత్తు కోసం పెద్ద మోతాదులో మింగినవాళ్లలోనూ ఇలాగే గుండె ఆగిన కేసులు రావడంతో అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరిక ఇచ్చింది.

ఏం చేయాలి

ఉత్తేజమిచ్చే మందు తీసుకుని ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి చేయాల్సింది చాలావరకు మిగతా గుండెపోటు రోగులకు చేసేదే. ఆస్పిరిన్, నైట్రోగ్లిజరిన్, అవసరమైతే వెంటనే యాంజియోగ్రామ్. తేడా రెండుచోట్ల. మొదటిది, డైజోఫాం జాతి మందు ముందుగా ఇచ్చి కలవరాన్ని, బీపీని దించాలి. రెండోది, బీటా బ్లాకర్ విషయంలో ఆగి ఆలోచించాలి. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కొకైన్ రోగులకు తొలి గంటల్లో ఇవి వద్దంది. తర్వాతి పరిశీలనల్లో కొన్ని ఆ భయం కొంత అతి అని చూపాయి, చర్చ ఇంకా తెగలేదు. ఈసీజీ మామూలుగా ఉన్నా ఈ రోగులను 9 నుంచి 12 గంటలు కనిపెట్టి చూశాకే పంపమని అదే మార్గదర్శకం చెప్పింది. స్టెంట్ వేశాక కనీసం కొన్ని నెలలు రెండు రకాల రక్తం పలుచన చేసే మాత్రలు మానకుండా వేసుకోవాలి. మత్తులో మాత్రలు మరిచిపోయేవాడికి స్టెంట్ మూసుకుపోయే ముప్పు ఎక్కువ. స్టెంట్ రకం ఎంచుకునేటప్పుడే డాక్టరుకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఫ్రాన్స్‌లో చేసినట్టు అందరి మూత్రమూ పరీక్షించాలని నేను అనను. ఆ పరీక్షల్లో జలుబు మందులు కూడా తప్పుగా పాజిటివ్ చూపగలవు, పైగా చెప్పకుండా పరీక్షిస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. ముందు అడగాలి. ఇంటివాళ్లను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టి, "మందు సరిగ్గా ఎంచుకోవడానికి అడుగుతున్నాను, ఇది వైద్యం కోసమే" అని చెప్పి అడగాలి. అనుమానం మిగిలితే ఒప్పించి పరీక్షించాలి. అటువైపు డీ-అడిక్షన్ కేంద్రాలు తమ దగ్గర చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఈసీజీ తీయాలి. మెతాంఫిటమిన్, స్టెరాయిడ్లు వాడినవాళ్లకూ, సూది పట్టినవాళ్లకూ ఎకో కూడా చేయించాలి. గుండె ఆసుపత్రి డిశ్చార్జి కాగితం మీద ఉప్పు తగ్గించండి, నడవండి అని రాసినట్టే మత్తు చికిత్సకు ఎక్కడికి వెళ్లాలో కూడా రాయాలి.

చట్టం గురించి ఒక మాట. ఎన్డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోగానీ చిన్న మొత్తం కేసులోగానీ ఇరుక్కున్న మనిషి తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు, తెలిస్తే పిల్లల్ని దాచిపెట్టరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత సహాయ నంబరు 14446.

ఛాతీ నొప్పి, విపరీతమైన గుండెదడ, స్పృహ తప్పడం, వీటిలో ఏది వచ్చినా 108కు ఫోన్ చేయండి. పరువు పోతుందని జేబులోని పొట్లాన్నీ, మాత్రల అట్టనూ, ఖాళీ ఇంజెక్షన్ సీసానూ పారేయకండి. వాటిని మనిషితో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు చేతికి ఇవ్వండి.